విధి పాలెంత, మన పాలెంత?

మన భాషలో మిక్కిలి సులభముగా నోటికి వచ్చు మాటలలో ‘విధి’ యొకటి. తలవ్రాత, నుదుటివ్రాత, ప్రాప్తము, కర్మము అని దానికి మారుపేర్లు పెక్కులు గలవు. పైరు పండకున్నను, వ్యాజ్యము పోయినను, చేతికి అందివచ్చిన బిడ్డ చనిపోయినను మనము ఈ మాటనే ఆశ్రయింతుము. దుఃఖితుడు ఈ మాట పలికినప్పుడు వానిని తప్పుపట్టుట క్రూరత్వము. కాని ఆ దుఃఖమునకు కారకుడైనవాడే ఈ మాటను పలికినప్పుడు, విని యూరకుండుట మనకు ధర్మమేనా? ఈ ప్రశ్నపై మా యాలోచనలను చదువరుల యెదుట నుంచుచున్నాము.

దీనికి ప్రేమవిషాదకథల కంటె తగిన పరీక్షాస్థలము లేదు. కరవునందును, రోగమునందును ప్రకృతి పాలును మనుష్యుని పాలును కలగలిసి యుండును. వానిని వేరుపరచుట కష్టము. ప్రేమికుల కథ యట్లు గాదు. రెండిండ్లు, నలుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు: రంగస్థలమంతయు ఇంతియే. జరుగునదంతయు మనుష్యులు మనుష్యులకు చేయునదే. అయినను లోకము విధిని ఇచ్చట నిందించినంతగా మరెచ్చటను నిందింపదు. ఇది మిక్కిలి వింతయైన విషయము.

ఉదాహరణమునకై మనము దూరము పోనక్కరలేదు. కె. బాలచందర్ దర్శకత్వమున 1978లో వెలువడిన ‘మరో చరిత్ర’ యను తెలుగు చలనచిత్రమునకు మన విశాఖపట్టణమే రంగము. విశాఖ తీరమును, భీమునిపట్టణము తీరమును అందలి దృశ్యములలో నేటికిని చూడవచ్చును. రంగుల చిత్రములు ప్రబలిన కాలమున అది నలుపు తెలుపులలోనే తీయబడినది. మద్రాసులో తమిళమునకు మార్చబడకయే, తెలుగుననే, 500 దినములకు పైగా ప్రదర్శింపబడినది. 1981లో ఆ దర్శకుడే దానిని ‘ఏక్ దూజే కేలియే’ యను పేర హిందీలో మరల నిర్మించెను. ఒక పట్టణపు కథ దేశపు కథ యయ్యెనని చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

కథ అందరెరిగినదే యైనను, మా వాదమునకు వలసినంత వరకు చెప్పుదుము. బాలు తమిళుల యింటి బిడ్డ. స్వప్న తెలుగువారి యింటి బిడ్డ. ఇరువురును ఇరుగుపొరుగువారు. వారి తలిదండ్రులకు పడదు. పిల్లలకు ప్రేమ కుదిరినది. పెద్దలు మొదట మండిపడిరి. తరువాత ఒక షరతు పెట్టిరి. ఒక సంవత్సర కాలము వీరిరువురు ఒకరినొకరు కలిసికొనరాదు. ఉత్తర ప్రత్యుత్తరములు జరుపరాదు. అప్పటికిని మనసు మారకున్న వివాహమునకు అడ్డు చెప్పము. పిల్లలు ఒప్పుకొనిరి. బాలు హైదరాబాదునకు పోయెను. ఆ సంవత్సరములో ఒకరిని గూర్చి యొకరికి అపోహ కలిగినది. సంధ్య యను వితంతువు బాలునకు స్నేహితురాలైనది. అతడు ఆమెను వివాహమాడుటకు సిద్ధపడునంత వరకు వచ్చినది. నిజము తెలిసినప్పుడు ఆమెయే అతనిని స్వప్న వద్దకు పంపివేసినది. గడువు తీరినది. తీరా కలిసికొనవలసిన దినమున కిరాయి దుండగులు బాలుని కొట్టిరి. స్వప్నను చిరకాలముగా వెంటాడుచుండిన దుర్మార్గుడొకడు ఆమెను చెరచెను. ఇరువురును సముద్రము పాలైరి.

ఈ చిత్రమును చూచి వెలుపలికి వచ్చినవాడు కన్నులు తుడుచుకొనుచు, ‘ఏమి చేయుదుము, విధి! ఒక్క గడియ ముందు చేరినను బ్రతికిపోయి యుందురు’ అని నిట్టూర్చుట సహజము. మేము ఆ నిట్టూర్పును అపహసింపము. కాని న్యాయస్థానమున సాక్షులను విచారించు పద్ధతి యొకటి గలదు. ఆ పద్ధతిని అనుసరించి ఈ కథలోని సంఘటనలను ఒక్కొక్కదానిని బోనులో నిలిపి, ‘నిన్ను పుట్టించిన దెవరు?’ అని యడిగి చూతము.

మొదటిది వారి కలయిక. తమిళ బాలుడు తెలుగు బాలిక పొరుగున ఎట్లు వచ్చి నివసించెను? విధి తెచ్చినదందురా? విశాఖపట్టణపు రేవు 1933లో ఓడలకు తెరవబడినది. 1941లో నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన జరిగినది. 1948లో ‘జలఉష’ యను ఓడ అందుండి సముద్రమున దింపబడినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు పునాదిరాయి వేయబడినది. రేవును, రైలును, కర్మాగారములును ఉన్నచోటికి తమిళులు, ఒడ్రులు, వంగీయులు, మలయాళీయులు బ్రతుకుతెరువునకై వత్తురు. అద్దె యిండ్లు పక్కపక్కనే యుండును. ఒక గోడకు అటు ఒక భాష, ఇటు ఒక భాష. పిల్లలు గోడ మీదుగా ఒకరినొకరు చూతురు. కాబట్టి కలయిక విధి పని కాదు, రేవు పని. పరదేశపు సరకును, పరప్రాంతపు మనుష్యులను కోరి రప్పించుకొనిన పట్టణము, వారి బిడ్డలు తమ బిడ్డలను చూచుటను మాత్రము ఊహింపలేదనుట చెల్లదు.

రెండవది పెద్దల వైరము. భాష వేరు, ఆచారము వేరు, భోజనము వేరు. పిల్లలకు అడ్డము కాని భాష పెద్దలకు అడ్డమైనది. దీనిని నక్షత్రములు నేర్పలేదు, ఇంట నేర్చుకొన్నది. మూడవది, ఏడాది యెడబాటు. ఇది మనుష్యులు కూర్చుండి, ఆలోచించి, షరతులు పెట్టి చేసిన ఒడంబడిక. నాల్గవది, అపోహ. ఇచ్చట విధి కొంత వచ్చినదని ఒప్పుకొందము: ఒక చూపు, ఒక అబద్ధపు మాట, ఒక పొరపాటు. కాని అపోహ ఎవరికి కలుగదు? ఉత్తరము వ్రాసికొనగలిగిన ఇరువురి నడుమ అపోహ మూడు దినములు బ్రతుకును. ఉత్తరము నిషేధింపబడిన ఇరువురి నడుమ అది ఏడాది బ్రతుకును, పెరుగును, పండును. దానికి ఎరువు వేసినది మౌనము. ఆ మౌనమును శాసించినది పెద్దలు. అయిదవది, దుండగుల దౌర్జన్యము. అది నేరము, నేరమునకు నేరస్థుడు కలడు, వానికి శిక్షాస్మృతి కలదు, విధి అను పేరుగల ముద్దాయిని మేము ఏ న్యాయస్థానమునందును చూడలేదు. ఆరవది, మరణము. దానిని గూర్చి పిమ్మట చెప్పెదము.

ఇట్లు లెక్క చూడగా విధికి మిగిలినదేది? ఏ దినమున ఏ వీథిలో ఎవరు ఎదురైరి, ఎవరు ఒక గడియ ఆలస్యమైరి అను ఆకస్మికము మాత్రమే. అది లేదనుట మా యభిప్రాయము కాదు. ఆకస్మికము లోకమున ఎల్లవేళల గలదు. గాలివలె అది అన్ని యిండ్ల చుట్టును తిరుగుచుండును. కాని గోడలో సందు విడిచినవాడు గాలిని నిందింపరాదు.

ఆంగ్లదేశపు మహాకవి షేక్స్‌పియర్ రచించిన ‘రోమియో జూలియట్’ నాటకము ప్రేమవిషాదములలో లోకప్రసిద్ధము. అందు నక్షత్రముల ప్రస్తావన మొదటనే వచ్చును. అందుచేత అది విధినాటకమని పలువురు తలంతురు. ఆకస్మికము అందును గలదు. జూలియట్ నిజముగా చనిపోలేదని రోమియోకు తెలుపవలసిన ఉత్తరమును తీసికొని పోవు సన్న్యాసి, అంటురోగపు శంకచేత ఒక యింట నిర్బంధింపబడెను, ఉత్తరము చేరలేదు, ఇరువురును మరణించిరి. సరే, కాని ఇరువురి ప్రాణములు ఒక్క ఉత్తరముపై వ్రేలాడవలసిన గతి ఏల పట్టినది? పెండ్లి రహస్యమగుటచేత. రహస్యమేల? రెండు కుటుంబముల పగచేత. అంత తొందర యేల? పదునాలుగేండ్లు నిండని బిడ్డకు తండ్రి వేరొక వరునితో పెండ్లి నిశ్చయించి, గురువారమున కుదిర్చిన ముహూర్తమును బుధవారమునకు జరుపుటచేత. అంటురోగము ఒక ఉత్తరమును మాత్రమే ఆపినది. తక్కినదంతయు మనుష్యులే చేసిరి.

కవి ఈ సంగతిని చక్కగా నెరుగును. నాటకాంతమున శవముల యెదుట నిలిచిన ప్రభువు నక్షత్రములను తిట్టడు. ఇరుకుటుంబముల పెద్దలను పిలిచి వారి ద్వేషమునకు ఇది ఫలమని చూపును. ఆ కలహములను చూచియు చూడనట్లు ఊరకున్నందులకు తానును బంధువులను పోగొట్టుకొంటినని ఒప్పుకొనును. న్యాయాధికారి తనను తానే బోనులో నిలుపుకొనిన ఆ ఘట్టము నాటకమునకు ప్రాణమని మా తలంపు. పిమ్మట తండ్రులు చేతులు కలిపి, చనిపోయిన బిడ్డలకు బంగారు విగ్రహములను నిలుపుదుమందురు. మనవారు దీనినే చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యందురు.

‘పెద్దలు చంపవలెనని చంపలేదు గదా, దుండగులు చేసిన దానికి వారెట్లు బాధ్యులు?’ అని న్యాయము తెలిసినవారు అడుగవచ్చును. మంచి ప్రశ్న. రేవుపట్టణమున నివసించు మనకు దీనికి ఓడవ్యాపారపు ధర్మమే సమాధానము చెప్పును. సరకు రవాణా చేయువాడు, దైవికమైన తుపాను వలన కలిగిన నష్టమునకు సామాన్యముగా ఉత్తరవాది కాడు. కాని 1830లో ఇంగ్లండున డేవిస్, గారెట్ అనువారి నడుమ ఒక వ్యాజ్యము నడచినది. సున్నపు సరకును మెడ్వే నది నుండి లండనునకు కొనిపోవలసిన పడవను, దాని నడపువాడు అక్కర లేకయే దారి మరల్చెను. ఆ త్రోవలో తుపాను పట్టినది. నీరు తగిలి సున్నము రగిలినది. సరకు, పడవ రెండును పోయినవి. ‘తుపాను నా చేతిలోనిది కాదు, సరియైన దారిలోనున్నను అది పట్టియే యుండును’ అని ప్రతివాది వాదము. న్యాయస్థానము దానిని అంగీకరింపలేదు. దారి తప్పించినవాడు, తన తప్పు లేకున్నను నష్టము జరిగియే యుండునేమో యను ఊహ చాటున దాగరాదని ప్రధాన న్యాయమూర్తి టిండల్ తీర్పు చెప్పెను.

సున్నపు బస్తాలకు వర్తించిన ఈ ధర్మము కన్నబిడ్డలకు వర్తింపదా? బిడ్డల బ్రతుకు వాని సహజమైన త్రోవలో పోవుచుండగా, ఏ న్యాయమైన కారణమును లేక దానిని మరల్చినవారు, ఆ మరల్చిన త్రోవలో తుపాను పట్టినప్పుడు ‘తుపాను మేము తేలేదు’ అని తప్పించుకొనజాలరు. తుపానును తెచ్చినందులకు వారు దోషులు కారు. పడవను దాని యెదుటికి త్రోసినందులకు దోషులు. ఈ రెంటికిని గల భేదమును గుర్తించిననే విధి యను మాట తన హద్దులో నిలుచును.

ఇక మన శాస్త్రములను చూతము. మన దేశీయులు విధివాదులని పరదేశీయులు నిందించుట కలదు. మనమును దానిని నమ్మినట్లే ప్రవర్తింతుము. కాని మన పూర్వులు ఈ విషయమున అంత తేలికగా చేతులు ముడుచుకొనలేదు. దైవము, పురుషకారము అను రెంటిలో ఏది గొప్పదని ధర్మరాజు భీష్ముని అడిగినట్లు అనుశాసనపర్వమున కలదు. క్షేత్రమునకు బీజమునకు గల సంబంధమును చూపి, ప్రయత్నము లేనిది దైవము ఫలింపదని అచ్చట సమాధానము. యోగవాసిష్ఠము ఇంకను ముందునకు పోయి, దైవమనుట మూఢులు తమ యూరడింపునకు కల్పించుకొన్న మాట యని ఖండించును. యాజ్ఞవల్క్యస్మృతియు రెంటికిని చోటిచ్చినదే కాని, పురుషకారమును త్రోసివేయలేదు.

శకుంతల కథ ఇందులకు గొప్ప దృష్టాంతము. మహాభారతమునందలి దుష్యంతుడు శకుంతలను మరువలేదు. నిండుసభలో ఆమెను గుర్తించియే, లోకాపవాదమునకు వెరచి ఎరుగనని బొంకెను. నన్నయ భట్టారకుడు తెనిగించిన ఆదిపర్వమునను కథ ఇట్లే యున్నది. అచ్చట తప్పు చేసినవాడు రాజు. ఆ తప్పునకు పేరు గలదు. దానిని ఎదిరించి నిలిచి వాదించిన స్త్రీ గలదు. కాళిదాసు నాటకమున దుర్వాసుని శాపమును ఉంగరమును తెచ్చెను. రాజు నిజముగా మరచెను; కాబట్టి దోషి కాడు. ఉంగరము నీట జారినది. కాబట్టి ఎవ్వరును దోషులు కారు. నాటకము లోకమునకెల్ల రమణీయమైనది. మేము ఆ మహాకవికి చేతులు జోడింతుము. కాని ఒక సంగతి గమనింపుడు: కథలోనికి విధి ప్రవేశించిన క్షణముననే బాధ్యత నిష్క్రమించినది. రాజునకు మేలు జరిగినది. శకుంతలకు మాత్రము, సభలో సత్యమును నిలబెట్టిన ఆమె వాదమునకు ఉండవలసిన బలము తగ్గినది. ఏ కాలమందైనను విధి యను మాట వలన లాభము పొందువాడు ఎవడని యడిగినచో, అనుభవించినవాడు కాడు, చేసినవాడే యని తేలును.

ఇచ్చట మూడు ఆక్షేపణలు రాగలవు. మొదటిది: పెద్దలు ఒక యేడాది ఆగుమనుటలో అన్యాయమేమి? తొలివయసు ప్రేమ నీటి మీది బుడగ కావచ్చును. కొంతకాలము పరీక్షించుట వివేకము కాదా? నిజమే. ఆగుమని కోరుటకు తలిదండ్రులకు హక్కు కలదు. కొన్ని వేళల అది వారి విధ్యుక్తధర్మము కూడ. కాని నిరీక్షణము వేరు, నిశ్శబ్దము వేరు. ‘చదువు ముగియనిండు, ఉద్యోగము రానిండు, అంతవరకు మా కన్నుల యెదుట మాటలాడుకొనుడు’ అనునది నిరీక్షణము. ‘ఒకరి మాట యొకరికి వినబడరాదు’ అనునది నిశ్శబ్దము. మొదటిది ప్రేమను పరీక్షించును. రెండవది దానిని ఊపిరాడకుండ చేసి, చచ్చినదా లేదా యని చూచును. ఆ షరతు పెట్టిన పెద్దల మనసులో ‘మరతురు’ అను ఆశ లేకున్న, ఉత్తరములను నిషేధింప నక్కరలేదు. ఓడవలెనని కోరుచు పెట్టిన పరీక్ష పరీక్ష కాదు.

రెండవ ఆక్షేపణ: ఈ వాదము ప్రేమికుల పాలును మరచుచున్నది. మరువలేదు. శరత్ చంద్ర చటోపాధ్యాయుని ‘దేవదాసు’ నవల 1917లో వెలువడినది. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున తెలుగు చలనచిత్రమై, నేటికిని తెలుగువారి కన్నీటికి మారుపేరై యున్నది. దేవదాసును కూడ లోకము విధివంచితు డనును. అర్ధరాత్రమున ఇల్లు దాటి వచ్చి తన మనసు చెప్పిన పార్వతిని ఇంటికి మరలించిన దెవరు? తండ్రి కాదనగానే పట్టణమునకు పోయి, తనకు ఆమెపై అట్టి ప్రేమ లేదని ఉత్తరము వ్రాసిన దెవరు? పిమ్మట మద్యపాత్రను పట్టిన చెయ్యి ఎవరిది? కులీనతను గూర్చిన పెద్దల గర్వము అతని దారికి అడ్డము నిలిచినది, నిజము. కాని ఆ యడ్డమును దాటుటకు పార్వతి చూపిన ధైర్యములో సగమును అతడు చూపలేదు. ‘మరో చరిత్ర’లో ఉత్తరము పెద్దల నిషేధముచే ఆగినది, ‘దేవదాసు’లో ఉత్తరము చేరినది, అదియే చంపినది. రెండుచోట్లను విధి వ్రాయలేదు. మనుష్యుడే వ్రాసెను, లేక మనుష్యుడే వ్రాయనీయలేదు.

మరణమును గూర్చి పిమ్మట చెప్పెదమంటిమి. స్వప్నను చెరచినవాడు స్వప్నను అపవిత్రను చేయలేదు. తానే నేరస్థు డయ్యెను. ఆమె బ్రతుకునకు అంతటితో విలువ పోయినదను భావము మన సంఘము ఆమె చెవిలో పుట్టినది మొదలు ఊదిన విషము. ఆ విషమును విధి యని పిలువరాదు. ప్రేమ కొరకు చచ్చుట ఉదాత్తమని యువకులకు నేర్పు కథ ఎంత మధురమైనను, దాని మాధుర్యమును మేము అంగీకరింపము. ఆ ఇరువురును బ్రతికి, ఆసుపత్రిలో మేలుకొని, వాఙ్మూలమిచ్చి, ఆ దుర్మార్గులను న్యాయస్థానమునకు ఈడ్చి, పిదప వివాహమాడినచో కథ అందగింపకపోవచ్చును, ధర్మము నిలిచియుండును. కథకు మరణము కావలెను, బిడ్డలకు అక్కరలేదు.

మూడవ ఆక్షేపణ సున్నితమైనది. ‘విధి యను మాట దుఃఖితునకు ఊతకర్ర. మీరు దానిని లాగివేసినచో బిడ్డను పోగొట్టుకొన్న తల్లి దేనిని పట్టుకొని నిలుచును?’ మేము దానిని లాగము. తన చేతిలో నున్నదంతయు చేసియు బిడ్డను కాపాడుకొనలేని తల్లి విధి యనినచో, అది సత్యమును, శాంతియు గూడ. కాని ఊతకర్రను ఎవరి చేతనుండి ఎవరు తీసికొనుచున్నారో చూడవలెను. కుంటివాని చేతికర్రను పట్టుకొని, దారిన పోవువానిని కొట్టినవాడు ‘ఇది ఊతకర్ర’ అనినచో ఒప్పుకొందుమా? విధి యను మాటను ఓదార్పుగా వాడుకొనుటకు అందరికిని స్వేచ్ఛ కలదు. ప్రతివాదముగా వాడుకొనుటకు ఎవ్వరికిని లేదు.

విధి రాజ్యపు హద్దులు నిలుకడగలవి కావనుటకు మన తీరమే సాక్షి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది ప్రాణములు పోయినవి. ప్రభుత్వపు లెక్కలే పదివేలకు దగ్గరగా చెప్పినవి. నాటివారు దానిని విధి యనిరి. అనుటకు కారణమును కలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన విశాఖపట్టణముపైననే విరుచుకపడినది. చెట్లు కూలినవి, విమానాశ్రయపు పైకప్పు ఎగిరిపోయినది, దినముల తరబడి దీపములు వెలుగలేదు. కాని ముందుగా హెచ్చరిక వచ్చినది. తీరవాసులను వేలకు వేలుగా తరలించిరి. మన రాష్ట్రమున మృతుల సంఖ్య వందకు లోపుననే నిలిచినది. రెండు తుపానులును సరిసమానములని మేమనము. కాని నడుమ గడచిన సంవత్సరములలో సముద్రము మెత్తబడలేదు. మనుష్యుని జాగ్రత్త పెరిగినది. గాలిని, సముద్రమును గూడ విధి చేతినుండి కొంత విడిపింపగలిగిన మనము, ఇరుగుపొరుగు గోడను మాత్రము విధి కట్టినదనుట ఎంత చోద్యము!

శాసనము సైతము ఈ త్రోవనే నడచినది. మతకులముల హద్దులు దాటి వివాహమాడువారికై 1872లో ఒక చట్టము పుట్టినది. అందు, తాము ఫలానా మతమువారము కామని వధూవరులు ప్రకటింపవలసి యుండెను. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము ఆ నిర్బంధమును తొలగించి, 30 దినముల నోటీసుతో ఎవరినైనను ఎవరైనను వివాహమాడవచ్చునని ఏర్పరచినది. ‘మరో చరిత్ర’ వెలువడిన 1978లోనే వివాహ వయస్సును స్త్రీకి 18, పురుషునికి 21 ఏండ్లుగా హెచ్చించు సవరణ చట్టమును జరిగినది. యుక్తవయస్కులు కులాంతర వివాహము చేసికొనినచో తలిదండ్రులు తమకు ఇష్టము లేకున్న రాకపోకలు మానుకొనవచ్చునే గాని బెదిరింపరాదు, హింసింపరాదు అని 2006లో సుప్రీంకోర్టు చెప్పినది. ఇరువురు యుక్తవయస్కులు సమ్మతించిన పిమ్మట కుటుంబపు అనుమతి గాని, కులపెద్దల అనుమతి గాని అక్కరలేదని 2018లో మరల స్పష్టముగా చెప్పినది. శాసనము అడిగినది 30 దినములు. ఆ కథలోని పెద్దలు అడిగినది ఒక సంవత్సరము. శాసనము నోటీసును గోడపై అంటించి పదిమందికి తెలియజేయుమనినది. పెద్దలు ఇరువురికి ఒకరి క్షేమ మొకరికి తెలియరాదనిరి.

అయినను శాసనముతోనే పని తీరునని మేము నమ్మము. తెలుగునాట ఈ శతాబ్దమునను, కులము తక్కువయని అల్లునిపై కత్తి కట్టించినవారు కలరు. బిడ్డను ఇంటబంధించి ఉరిత్రాటి వరకు తెచ్చినవారు కలరు. అట్టి యింటికి పరామర్శకు పోయినవారు, గుమ్మము దిగుచు ‘ఆ పిల్ల రాత అట్లున్నది’ అందురు. వారు చెడ్డవారు కారు. మర్యాదకొరకు అందురు. కాని ఆ మర్యాదయే హంతకునకు కప్పిన శాలువ. విద్యావంతులును, పదిమందికి మాట చెల్లువారును ఐన మన చదువరుల నుండి మేము కోరునది పెద్ద త్యాగము కాదు. ఆ గుమ్మమున ఆ ఒక్క మాటను పలుకకుండుడు. పలుకకున్న చాలును, ఆ మౌనములో ప్రశ్న తనంతట తానే వినబడును.

మరియొకటి. రేపు మీ యింటి బిడ్డ, మీరు తలపని పేరును, మీది కాని భాషను, మీది కాని కులమును మీ యెదుటకు తెచ్చి నిలుచును. ఈ రేవుపట్టణమున అది ఆశ్చర్యము కాదు. అప్పుడు కోపము వచ్చిన రానిండు, అది మనుష్యధర్మము. ఆగుమనవలెననిన ఆగుమనుడు. ప్రశ్నింపవలసినవన్నియు ప్రశ్నింపుడు. కాని వారి నడుమ ఉత్తరమును ఆపకుడు. మీకును వారికిని నడుమ మాటను ఆపకుడు. తలుపు వేసిన యింటిలోనికి విధి రాదని కాదు. అది ఎక్కడికైనను వచ్చును. తలుపు తెరచిన యింటిలో మాత్రము, అది వచ్చినప్పుడు బిడ్డ పరుగెత్తి పోవుటకు ఒక చోటుండును. విధి చేతిలో నున్నది విధికి విడుతము. మన చేతిలో నున్న తాళపుచెవిని దాని చేతిలో పెట్టి, పిమ్మట దానిని దొంగ యనకుందుము.